వేళ్ళను నిందించే ముందు తీగల ఎత్తు చూడండి

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా చిట్టమూరులో జరిగిన కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17వ తేదీ మనకెందుకు పండుగో ఇక్కడ ఉన్న పెద్దలందరికీ తెలుసు. 1982లో ఇదే రోజున నకారా గారి కేసులో సుప్రీంకోర్టు, పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తేల్చి చెప్పింది. ఆ విషయం నాకంటే ముందు మాట్లాడినవారు చక్కగా వివరించారు. డి.ఆర్. బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి కూడా చెప్పవలసినవారు చెప్పారు. కార్యదర్శిగారు మాత్రం నాతో, "మీరు పిల్లలు కూడా వినదగిన సంగతేదైనా ఒక ఇరవై నిమిషాలు మాట్లాడండి సార్" అన్నారు. కనుక నేను గిటారు తీగల ఎత్తు గురించి మాట్లాడదలచుకున్నాను.

ముప్పయ్యారేళ్ళు ఫైళ్ళు మోసిన గుమాస్తాకు గిటారుతో ఏం పని అని మీరు నవ్వుకోవచ్చు. నేనూ అలాగే నవ్వేవాణ్ణి. కానీ ఆ తీగల ఎత్తు తెలియక నేను మా ఇంట్లో ఒక బిడ్డకు అన్యాయం చేశాను. ఆ సంగతి చెప్పుకుంటే మీలో ఒకరిద్దరికైనా పనికివస్తుందని నా ఆశ.

మా పెద్దబ్బాయి కూతురు మా దగ్గరే ఉండి చదువుకుంటోంది. రెండేళ్ళ కిందట జూన్ నెలలో, "తాతా, నేను గిటారు నేర్చుకుంటాను" అని అడిగింది. వాళ్ళ నాన్న ఒక పట్నం దుకాణంలో కొని పంపించాడు. ఆదివారం ఆదివారం నాయుడుపేటకు పోయి పాఠం చెప్పించుకుని వచ్చేది. మొదట్లో ఉత్సాహమే. రెండు నెలలు తిరిగేసరికి ఎడమ చేతి వేళ్ళ కొనలు కమిలి పొక్కులు లేచాయి. "వేళ్ళు నొప్పి తాతా, ఎంత నొక్కినా సరిగా పలకడం లేదు" అంటే, నేను పెద్దరికం చూపించాను. "మొదట అందరికీ అంతేనమ్మా. నేను టైపు నేర్చుకునేటప్పుడు చిటికెన వేలు వాచిపోయింది, మానేశానా? నీకు నిలకడ లేదు, అదీ సంగతి" అన్నాను. ఆ పిల్ల మారు మాట్లాడలేదు. గిటారును సంచిలో పెట్టి బీరువా మీదికి ఎక్కించింది. పాఠం మానేసింది. అబ్బాయి ఫోనులో, "ఎవరికైనా అమ్మేయండి నాన్నా, సగం ధరైనా వస్తుంది" అన్నాడు.

నవంబరులో ముసురు పట్టిన ఒక సాయంత్రం, బీరువా దులుపుతూ మా ఇంటావిడ ఆ గిటారును దించింది. ఆమె వెంకటగిరిలో పుట్టి పెరిగిన మనిషి, చిన్నప్పుడు నాలుగేళ్ళు వీణ నేర్చుకుంది. తీగల కింద చిటికెన వేలు పెట్టి చూసి నన్ను పిలిచింది. "ఏమండీ, బిడ్డను అనే ముందు ఈ వస్తువును చూసినారా? తీగలు యాడుండాయో చూడండి. వీణకు తీగలు ఇంత ఎత్తున ఉంటే మా పంతులమ్మ ముట్టుకోనే ముట్టదు. ముందు మేళం సరిచేయించుకుని రమ్మనేది" అంది.

మేళం అంటే తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. ఈమని శంకరశాస్త్రి గారి వీణ, చిట్టిబాబు గారి వీణ రేడియోలో విన్న తరం మాది. ఆ వీణ మీద 24 లోహపు మెట్లుంటాయి. అవి మైనపు గట్ల మీద కూర్చుని ఉంటాయి. ఎండకు, వాడకానికి మైనం సర్దుకుని మెట్లు ఎగుడుదిగుడు అవుతాయి. అప్పుడు పనివాడు మైనం కరిగించి, ఒక్కొక్క మెట్టునూ తీగకు తగిన ఎత్తులో మళ్ళీ నిలబెడతాడు. దాన్నే మేళం కట్టడం అంటారు. తంబురాలోనైతే గుర్రం మీద తీగ కింద సన్నని దారం పోగు జరిపి నాదం తెప్పిస్తారు. అంటే, తీగకూ దాని కింది వస్తువుకూ మధ్య వెంట్రుకవాసి తేడాతో వాద్యం పలకడమూ పలకకపోవడమూ ఉంటుందని మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. గిటారుకు మాత్రం ఆ సంగతి వర్తించదని నేనెందుకనుకున్నానో నాకే తెలియదు.

సరే, కచేరీ అలవాటు పోలేదు కనుక ముందు కొలత తీసుకున్నాను. గిటారు మెడ మీద అడ్డంగా లోహపు మెట్లుంటాయి. తల దగ్గర తీగలు ఆనుకునే గాట్ల పలకను నట్ అంటారు, మన వీణ భాషలో మేరువు. అవతలి కొసన, పొట్ట మీద అంటించిన చెక్క గుర్రం. దాని గాడిలో నిలబెట్టిన సన్నని పలకను శాడిల్ అంటారు. మేరువు నుంచి లెక్కపెడితే 12వ మెట్టు తీగకు సరిగ్గా నడిమధ్య. అక్కడ మెట్టు పైభాగం నుంచి తీగ అడుగుభాగం వరకు ఎంత ఖాళీ ఉందో అదే తీగ ఎత్తు. స్టీలు స్కేలు అంచు నుంచే సున్నా మొదలయ్యేది తీసుకోవాలి. మనం రిజిస్టర్లు గీసే స్కేళ్ళకు సున్నాకు ముందు కొంచెం చోటు వదిలి ఉంటుంది, దానితో కొలిస్తే లెక్క తప్పుతుంది.

ఉక్కు తీగల గిటారుకు సాధారణంగా లావు తీగ దగ్గర రెండు నుంచి రెండున్నర మిల్లీమీటర్లు, సన్న తీగ దగ్గర ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు ఉంటే చాలు. మా పిల్ల గిటారుకు లావు తీగ దగ్గర నాలుగున్నర, సన్న తీగ దగ్గర మూడున్నర వచ్చింది. అంటే ఉండవలసిన దానికి దాదాపు రెండింతలు. ఉక్కు తీగలు ఆరూ కలిసి సుమారు 70 కిలోల బిగువుతో లాగుతుంటాయి. అంత బిగువు మీద ఉన్న తీగను రెండింతల లోతుకు నొక్కమని పన్నెండు పదమూడేళ్ళ పిల్లను అడుగుతున్నాం. పైగా ఎత్తున ఉన్న తీగను కిందికి నొక్కితే అది ఇంకా సాగుతుంది, సాగితే శ్రుతి పైకి పోతుంది. "ఎంత నొక్కినా సరిగా పలకడం లేదు" అని పిల్ల అన్న మాట అక్షరాలా నిజం.

ఆఫీసులో ఉన్న రోజుల్లో ఎవరైనా అర్జీ తెస్తే, ఏ గడి నింపలేదో చూసి తిప్పి పంపేవాణ్ణి. ఫారమే తప్పుగా అచ్చయిందేమోనని ఒక్కసారీ చూసిన పాపాన పోలేదు. మనవరాలి అర్జీనీ అలాగే తిప్పి పంపాను. ఆ స్కేలు చేత్తో పట్టుకుని నిలబడినప్పుడు ఆ సంగతి నాకు బాగా తగిలింది.

అలాగని ఎత్తు ఎంత తక్కువైతే అంత మంచిదనుకోకండి. మరీ దిగితే తీగ కంపించేటప్పుడు ముందు మెట్లకు తగిలి జరజరమంటుంది. ఇంకో సంగతి. గిటారును ఒడిలో వెల్లకిలా పెట్టుకుని, ఎడమ చేతిలో ఉక్కు కడ్డీ పట్టి తీగల మీద జార్చి వాయించే పద్ధతి ఒకటుంది. హవాయి గిటారు అంటారు. 1940లలో హవాయి కళాకారుడు టావ్ మో కుటుంబంతో కలకత్తాలో ఉన్న రోజుల్లో అక్కడ దానికి మంచి ప్రచారం వచ్చింది. పాత హిందీ పాటల్లో ఆ జారుడు ధ్వని మీరు వినే ఉంటారు. దానికి తీగలు కావాలనే బాగా ఎత్తున పెడతారు, కడ్డీ మెట్లకు తగలకూడదు గదా. ఒకచోట గుణమైనది ఇంకోచోట దోషం. ఏ పనికి ఏ ఎత్తు అన్నదే ప్రశ్న.

ఇక సరిచేసే వరుస చెబుతాను. వరుస తప్పితే వస్తువు పాడవుతుంది. తిరిగి సరిచేసుకోగలిగిన పని ముందు, తిరిగి రాని పని చివర.

మొదట తీగలను సరైన శ్రుతిలో పెట్టాలి. వదులు తీగల మీద తీసిన కొలతకు విలువ లేదు.

రెండవది మెడ వంపు. లావు తీగను ఒక చేత్తో మొదటి మెట్టు దగ్గర, రెండో చేత్తో 14వ మెట్టు దగ్గర నొక్కిపట్టి, మధ్యలో ఏడో మెట్టు దగ్గర ఎంత సందుందో చూడాలి. తీగ అక్కడ తిన్నని దారంలా పనిచేస్తుంది. సందు ఇంచుమించు పావు మిల్లీమీటరు ఉంటే మంచిది. అంత సన్నని కొలత స్కేలుతో రాదు కనుక నేను విజిటింగు కార్డులు వాడాను. పది కార్డులు పేర్చి కొలిస్తే మూడు మిల్లీమీటర్లు వచ్చింది, కనుక ఒక్క కార్డు 0.3. మా గిటారు సందులో మూడు కార్డులు దూరాయి. అంటే తీగల లాగుడుకు మెడ ముందుకు వంగింది.

దీనికోసం చాలా గిటార్ల మెడ లోపల ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది. దాన్ని ట్రస్ రాడ్ అంటారు. బిగించి సరిచేసుకునే ఆ కడ్డీకి 1920లలో అమెరికాలోని గిబ్సన్ కంపెనీ పేటెంటు పొందింది. మేరువు పక్కన గాని, పొట్ట రంధ్రం లోపల గాని దాని మర కనపడుతుంది. ఆరు పలకల తాళంతో కుడివైపు తిప్పితే మెడ నిటారవుతుంది. ఒక్కసారికి పావు చుట్టు మించకూడదు. తిప్పి, మళ్ళీ శ్రుతి చేసి, ఒక రాత్రి వదిలి, మర్నాడు కొలవాలి. గట్టిగా ఉంటే బలవంతం చేయకూడదు, తెలిసినవారికి చూపించాలి. నేను రెండు రోజుల్లో రెండు పావు చుట్లు తిప్పాను. సందు ఒక్క కార్డుకు దిగింది. తీగ ఎత్తు కూడా నాలుగున్నర నుంచి నాలుగుకు దిగింది.

మూడవది మేరువు. తీగను మూడో మెట్టు వెనుక నొక్కితే, మొదటి మెట్టు మీద వెంట్రుకంత సందు మిగలాలి. ఎక్కువుంటే మేరువు గాట్లు లోతు చేయాలి. అయితే దానికి ఒక్కో తీగ లావుకు ఒక్కో ఆకురాయి కావాలి, గాటు ఎక్కువ దిగితే తిరిగి రాదు. అది పనివాడికే వదిలేయండి. మాది సరిగానే ఉంది.

నాలుగవది శాడిల్. దీన్ని ముట్టుకునే ముందు గుర్రం వెనుక అంచు కింద ఒక కాగితం ముక్క దూర్చి చూడండి. కాగితం దూరితే గుర్రం ఊడివస్తోందని అర్థం. అప్పుడు అరగదీయడం కాదు, జిగురు పని చేయించాలి. దూరకపోతే తీగలు వదులు చేసి శాడిల్‌ను పైకి లాగవచ్చు. ఇక్కడొక చిన్న లెక్క. 12వ మెట్టు నడిమధ్యన ఉంది గదా, శాడిల్ ఒక కొసన ఉంది. కనుక నడుమ ఒక మిల్లీమీటరు దిగాలంటే కొసన రెండు మిల్లీమీటర్లు తీయాలి. మాకు లావు తీగ వైపు ఒకటిన్నర దిగాలి కనుక మూడు, సన్న తీగ వైపు ఒకటి దిగాలి కనుక రెండు. పెన్సిలుతో ఏటవాలు గీత గీసుకుని, గాజు పలక మీద గరుకు కాగితం పరిచి, శాడిల్ అడుగుభాగాన్ని నిటారుగా పట్టి రుద్దాను. పైభాగం ముట్టుకోకూడదు, దాని వంపు కొలత ప్రకారం చేసి ఉంటుంది. గుర్రం పైకి శాడిల్ కనీసం రెండు మిల్లీమీటర్లైనా మిగలాలి, లేకపోతే తీగలు దాని మీద గట్టిగా ఆనవు. మాకు మూడు మిగిలింది. నా చెయ్యి వణికి అడుగు కాస్త గుండ్రమై, ఒక తీగ మొద్దుగా పలికింది. మళ్ళీ చదును చేస్తే సరిపోయింది.

ఆ సాయంత్రం కొత్త తీగలు బిగించి, గిటారు తీసుకుపోయి పిల్ల ముందు పెట్టాను. "అమ్మా, తప్పు నీ వేళ్ళది కాదు, ఈ గిటారుది. చూడకుండా నిన్నన్నాను, అది నా తప్పు" అని చెప్పాను. ఈ వయసులో మనవరాలితో ఆ మాట అనడం అంత సులభంగా రాలేదు. ఆమె ఒక్కసారి తీగలు నొక్కి చూసింది. మళ్ళీ నొక్కింది. "జేజీ, ఇప్పుడు పలుకుతా ఉంది!" అని వంటింట్లోకి పరుగెత్తింది. నాతో కాదు, వాళ్ళ జేజితో చెప్పుకుంది. న్యాయమే. కనిపెట్టింది ఆమె గదా.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. మే నెలలో రోహిణి కార్తె ఎండల్లో పిల్ల మళ్ళీ వచ్చి, "తాతా, లావు తీగ జరజరమంటోంది" అంది. ఈసారి నిలకడ మాట ఎత్తలేదు, తిన్నగా స్కేలు తీశాను. రెండున్నర ఉన్నది 1.9కి దిగింది. కారణం మన ఊరి గాలే. మనం ఒకపక్క పులికాట్ సరస్సు, ఆ పైన సముద్రం పెట్టుకుని బతుకుతున్నవాళ్ళం. ఈశాన్య రుతుపవనం వచ్చిందంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తలుపులు బిగుసుకుపోతాయి, బీరువాలో బట్టలు ముక్కవాసన వేస్తాయి. తలుపుకైన గతే గిటారుకూ అవుతుంది. పలుచని పై చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది. దానితో గుర్రం లేస్తుంది, తీగలు లేస్తాయి. పడమటి గాలి తోలి ఎండ మండేటప్పుడు చెక్క తేమ వదిలి కుంగుతుంది, తీగలు దిగుతాయి. నేను వానాకాలంలో కొలిచి, ఏడాది పొడుగునా అదే ఉంటుందనుకున్నాను.

ఆ పూటకు శాడిల్ కింద గాడికి సరిపడా నాలుగు కార్డు ముక్కలు పేర్చాను. అది తాత్కాలికం. తర్వాత చెన్నై నుంచి ఎముకతో చేసిన ఇంకో శాడిల్ తెప్పించి, పాతదానికంటే 1.2 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంచి రుద్దాను. ఇప్పుడు మా ఇంట్లో రెండున్నాయి, ఒకటి వానలకు, ఒకటి ఎండలకు. మనం ఏటేటా బతికున్నామని ధ్రువపత్రం ఇచ్చుకున్నట్టు, ఆ గిటారుకు కూడా ఏటా రెండు తనిఖీలు. గిటారుకు అనువైన గాలి తేమ 45 నుంచి 55 శాతం అంటారు. మన తీరంలో అది ఎప్పుడో గాని దొరకదు. కనుక గిటారును పెట్టెలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. చెమ్మ గోడకు ఆనించకండి. ఎండలో నిలిపిన కారులో అసలే వదలకండి, జిగురు మెత్తబడి గుర్రం ఊడుతుంది.

ఒక హెచ్చరిక. నైలాను తీగల గిటారు వేరే రకం. దానికి తీగలు కొంచెం ఎత్తుగానే ఉంటాయి, లావు తీగ దగ్గర నాలుగు మిల్లీమీటర్లు, సన్న తీగ దగ్గర మూడు దోషం కాదు. దానికి ఉక్కు తీగలు కట్టారంటే ఆ బిగువుకు గుర్రం లేచిపోతుంది. కొలిచే ముందు మీది ఏ రకమో చూసుకోండి.

చివరగా నా తోటివారికి ఒక మాట. 1976లో పని మీద మద్రాసు పోయినప్పుడు మూర్ మార్కెట్టులో ఒక గిటారు చూసి చాలాసేపు నిలబడ్డాను. ధర విని వెనక్కి వచ్చాను. 1985లో ఆ మార్కెట్టే తగలబడిపోయింది. ఆ కోరిక కూడా దానితోనే పోయిందనుకున్నాను. ఇప్పుడు పిల్ల బడికి పోయిన తర్వాత నేను రోజూ ఓ పావుగంట ఆ గిటారు పట్టుకుంటున్నాను. పొద్దున పూట వేళ్ళు బిగుసుకుపోతాయి కనుక ఎండెక్కాక కూర్చుంటాను. సన్న రకం తీగలు వేశాం, అవి తేలికగా నొక్కుకుంటాయి. మూడు స్వరాల గుచ్ఛాలు వచ్చాయి, నాలుగోది రావడం లేదు. అది మాత్రం గిటారు తప్పు కాదని స్కేలు పెట్టి చూసుకున్నాను.

మీ ఇళ్ళలో కూడా బీరువాల మీద గిటార్లు, అటకల మీద వీణలు, మూలల్లో హార్మోనియం పెట్టెలు ఉండి ఉంటాయి. ఎవరో ఒకరు "నాకు చేతకాదు" అని వదిలేసినవే అవన్నీ. ఒకసారి దించి, దుమ్ము తుడిచి, కొలిచి చూడండి. వదిలేసిన ఆ పిల్లనో పిల్లవాణ్ణో పిలిచి అడగండి. ఏమో, తప్పు వాళ్ళది కాకపోవచ్చు. గిటారు అయితే స్కేలూ, పది కార్డులూ పట్టుకుని నేనే మీ ఇంటికి వస్తాను. ఫీజు లేదు, కాఫీ చాలు.